ఎర్ర గడి

పెళ్ళయి నలభై రోజులు నిండలేదు. నజ్లాకు ఇంకా అన్నీ ముద్దుగానే కనిపిస్తున్నాయి. హమ్దీ కనుబొమల మీద పేరుకున్న రంపపు పొట్టు, టీ కలిపేటప్పుడు అతను చెంచాతో వేసే దరువు, ఆఖరికి సిమెంటు సంచి చింపగానే వచ్చే ఆ తుమ్ము కూడా.

దుమ్యాత్‌లో కుర్చీలు చేయని వీధి లేదు. నది ఒడ్డున ఉన్న అలాంటి ఊళ్ళో సొంతంగా ఒక కార్ఖానా అంటే మాటలా? ముసలి హాజీ ఇస్మత్ తన కార్ఖానాను హమ్దీ చేతిలో పెట్టి ఇంటిపట్టున కూర్చున్నాడు. వచ్చే వారం కొత్త యంత్రం దిగుతుంది. ఈ గతుకుల నేల మీద పెడితే అది వణికి చెక్కను నమిలేస్తుంది. అందుకే ఆ శుక్రవారం నేల మట్టం చేసే పని పెట్టుకున్నారు. కొత్త సిమెంటు పట్టేలా పాత కాంక్రీటు మీద హమ్దీ చాలామటుకు గాట్లు పెట్టేశాడు. ఇప్పుడిద్దరూ నీళ్ళు నింపిన గొట్టానికి చెరో కొస పట్టుకుని ఎత్తుపల్లాలు చూస్తున్నారు.

“నీ దగ్గర నీళ్ళెక్కడున్నాయి?” హమ్దీ అడిగాడు.

“గీత మీదే. నీలా కదలకుండా మెదలకుండా ఉన్నాయి.”

“సరసాలు తర్వాత. గొట్టం పైకెత్తు. కాలేజీలో నీకు నేర్పింది ఇదేనా?”

“మొగుడి గొట్టం మొయ్యడం కాలేజీలో చెప్పలేదు బాబూ!”

నవ్వుకుంటూనే నజ్లా కొలకర్రను ఎర్ర గడి మీద నిలిపింది. ఆ గడి వాళ్ళ నాన్నది. ముప్ఫై ఏళ్ళ కిందట, ఇక్కడి ఉస్తాగా, అంటే పెద్ద మేస్త్రిగా ఉన్న బద్రావీ తన చేత్తో పోసి, నున్నగా మట్టం చేసి, చుట్టూ ఎర్ర రంగు గీసిన జాగా. కాళ్ళు కోసిన ప్రతి కుర్చీ, వీపు గోడవైపు ఉండేలా ఆ గడిలో నిలబడి, ఊగకపోతేనే గడప దాటేది.

ఏడేళ్ళ కిందట కుర్చీలు తిరిగి రావడం మొదలైంది. కొన్నవాళ్ళ ఇళ్ళలో ఊగుతున్నాయట. హాజీ అందరి ముందూ అనేశాడు: “నీ చేతికి వణుకొచ్చింది బద్రావీ. ఇక ఉలి వదిలెయ్.” బద్రావీ నమ్మాడు. తాను పోసిన నేలను అనుమానించలేదు, తన చేతినే అనుమానించాడు. అప్పటినుంచీ ఒక ఫర్నిచర్ దుకాణం ముందు కాపలా కూర్చుంటున్నాడు. కాఫీ దుకాణంలో అడుగుపెడితే చాలు, “ఊగే ఉస్తా వచ్చాడు, గ్లాసు నిండా పొయ్యకండ్రా, ఒలికిపోతుంది!” అని ఎవడో ఒకడు అరుస్తాడు. ఎన్నడూ వణకని ఆ రెండు చేతులతోనూ ఆయన గ్లాసు పట్టుకుని తాగుతాడు.

కర్ర మూడు మూలల్లో ఒకే లెక్క చెప్పింది. గోడవైపు కుడి మూల మాత్రం రెండు నాణేల మందం దిగిపోయి ఉంది.

నజ్లా గొట్టం వదిలేసి పుట్టింటికి పరిగెత్తింది. నాన్న చేసిన ఆఖరి కుర్చీ అక్కడే ఉంది, ఒక కాలి కింద మడిచిన కాగితంతో. దాన్ని తెచ్చి, వీపు గోడకు తిప్పి, గడిలో పెట్టింది. కాగితం లేకుండానే కుర్చీ బండరాయిలా నిలబడింది.

“హమ్దీ! నాన్న చెయ్యి కాదు! నేల! నది మట్టి కదా, మూల కుంగిపోయింది. ఈ పల్లానికి సరిపోయేలా కోసిన కాళ్ళే బయట చదును నేల మీద ఊగాయి. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు చూడు!”

హమ్దీ ఇసుకా సిమెంటూ కలుపుతూనే ఉన్నాడు. “మాలు కలిపేశాను. పక్కకు జరుగు, గట్టిపడుతుంది.”

“ఉండు, ఎంత దిగిందో సరిగ్గా చూడనీ.” అతని బల్ల పైన మేకుకు ఒక పల్చటి చెక్క ముక్క వేలాడుతోంది. దాన్ని తీసుకుని కుంగిన మూలలో పెట్టింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. తిప్పి చూసింది. పెన్సిలుతో హమ్దీ దస్తూరీ: కుర్చీ, వెనక కుడి కాలు.

“ఇదెప్పటిది?”

పార ఆగింది.

“నాన్న ఇక్కడ పనిచేసేటప్పటిదేనా?”

“ఆయన దగ్గర పనికి చేరిన ఏడాదికే కనిపెట్టాను. నా కుర్చీలకు దాన్ని కింద పెట్టి చూసుకునేవాణ్ణి.” అతను తల ఎత్తలేదు. “హాజీ మీ నాన్న బల్ల నాకిస్తానన్నాడు. చెబుదామనే అనుకున్నా నజ్లా. రోజులు గడిచేకొద్దీ నోరు పెగల్లేదు. నేల చదునైపోతే ఇక చెప్పే పనే ఉండదనుకున్నా.”

గుమ్మంలో దగ్గు వినిపించింది. నమాజు ముగించుకుని ఉస్తా బద్రావీ తియ్యటి మషబ్బక్ పొట్లంతో వచ్చాడు. “ఏమ్మా, ఆ కుంటిదాన్ని తెచ్చావేంటి? కొత్త నేలకు దిష్టి తగలకుండానా?” అంటూ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. అటూ ఇటూ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. “ఊగట్లేదే!”

నజ్లా చెక్క ముక్కను ఆయన చేతికిచ్చింది. ఆయన అక్షరాలు చదివాడు. గడి మూలకేసి చూశాడు. ముక్క అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు, మెల్లగా, ఈ కొస నుంచి ఆ కొసదాకా.

“చిత్రిక బాగా పట్టావురా,” అన్నాడు అల్లుడితో. “ఎక్కడా గరుకు లేదు. నేను నేర్పిన పనే.”

“ఉస్తా, నేను...”

“మాలు గట్టిపడుతోంది. చూసుకో.” చెక్క ముక్కనూ పొట్లాన్నీ బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

హమ్దీ పారతో మాలు ఎత్తి ఎర్ర గడి వైపు అడుగేశాడు. నజ్లా వెళ్ళి నాన్న కుర్చీలో కూర్చుంది.

“లే. యంత్రం వచ్చేస్తుంది.”

“ముందు కాఫీ దుకాణానికి వెళ్ళు. అందరూ ఉన్నప్పుడు చెప్పు. చెప్పి వచ్చాక మాలు పొయ్యి.”

“నా పరువేం కావాలి?”

“ఆయనది ఏమైందో నీకు తెలుసుగా.”

హమ్దీ పారను మాలు గుట్టలో గుచ్చి గుమ్మం దాకా వెళ్ళాడు. గడప దాటలేదు. వీధి చివర కాఫీ దుకాణంలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. అక్కడే, తలుపుకు ఆనుకుని నిలబడిపోయాడు.

పొద్దు వాలేసరికి పార గుట్టలోనే బిగుసుకుపోయింది. నజ్లా కూర్చున్న కుర్చీ మాత్రం ఊగలేదు.