పదకొండూ ఇరవై దాకా చెల్లిన కాగితం

2025 నవంబరు 18, మంగళవారం. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గ్రేసీ చనిపోయింది. వయసు నలభై ఆరు. అరిలోవ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు. శనివారం పొద్దున డ్యూటీలోనే, మందుల ట్రాలీ పక్కన పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మూడు రోజులు ఆ ఆసుపత్రి ఐసీయూలోనే ఉంది.

ఆ మూడు రోజులూ సంతకాలు పెట్టింది గౌరీశ్వరి. ఆపరేషనుకి ఒకటి, రక్తం ఎక్కించడానికి ఒకటి, వెంటిలేటరుకి ఒకటి. మీరామెకి ఏమవుతారని ఎవరూ అడగలేదు. ఆమె దగ్గర కాగితం ఉంది. తనకు స్పృహ లేనప్పుడు తన వైద్యం గురించి గౌరీశ్వరే నిర్ణయించాలని గ్రేసీ రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ అది. దాన్ని టైపు చేసింది కూడా గౌరీశ్వరే. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే అప్పలసూరి దగ్గర ఆమె పదిహేడేళ్లుగా పనిచేస్తోంది.

గ్రేసీ, ఆమె కలిసి ఉండబట్టి పద్నాలుగేళ్లు. మద్దిలపాలెం డిపో వెనక సందులో రెండు గదుల ఇల్లు. సందులో వాళ్లకి గ్రేసీ 'సిస్టరుగారు', గౌరీశ్వరి 'సిస్టరుగారింట్లో ఉండే అమ్మాయి'. భీమిలి దగ్గర ఊళ్లో ఉన్న గౌరీశ్వరి వాళ్లు ఆమెతో మాట్లాడటం మానేసి తొమ్మిదేళ్లయింది. గ్రేసీ తమ్ముడు సుందర్ రాజ్ క్రిస్మస్‌కి కేకు పంపేవాడు. ఇంటికి రాలేదు.

2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజు ఆఫీసులో అప్పలసూరి ఫోను చూస్తూ అన్నాడు.

"ఏటమ్మాయ్, ఆడోళ్లు ఆడోళ్లూ, మగోళ్లు మగోళ్లూ పెళ్లి సేసుకుంటామని కోర్టుకెల్లేరట. కాయితాల్లో భర్త పేరున్న కాడ ఏటి రాత్తాం మనం?"

"ఫారం మారుస్తారులెండి," అంది గౌరీశ్వరి.

"ఫారం మారితే మళ్లీ టైపు సెయ్యలేక నువ్వు సత్తావు," అని నవ్వాడు.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి గ్రేసీ వంజరం చేప ముక్కలకి పసుపు రాసి పెట్టుకుని కూర్చుంది. వారానికి రెండుసార్లు జాలరిపేట నుంచి తట్టతో వచ్చే కాసులమ్మ దగ్గర ముందురోజే చెప్పి తెప్పించుకుంది. తీర్పు అనుకూలంగా వస్తే తిందామని. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయాల్సింది పార్లమెంటని కోర్టు అంది.

"చేపేం తప్పు చేసింది?" అని గ్రేసీ పెనం పెట్టింది. తింటున్నప్పుడు అంది. "పెళ్లి ఇవ్వకపోతే పోనీ. ఊరందరికీ కాగితాలు రాస్తావు కదా, మనకీ రాయి."

గౌరీశ్వరి రాసింది. రెండు వీలునామాలు, రెండు పవర్ ఆఫ్ అటార్నీలు, బ్యాంకు నామినేషన్లు. వీలునామాకి ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు గ్రేసీతో పనిచేసే డాక్టరు. రెండోవాడిగా అప్పలసూరిని అడగక తప్పలేదు. అడగాలంటే చెప్పక తప్పలేదు. అప్పలసూరి కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్లూ నా ఎదురుగా కూకుని నాకొక్క ముక్క సెప్పనేదు."

"చెప్తే పనిలో ఉంచుతారో లేదో అని."

ఆయన కాగితాలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివి, మూడో పేజీ దగ్గర ఆగాడు. "ఇక్కడ ఖాళీ వదిలీసేవు. నీకెన్నిసార్లు సెప్పాల? ఖాళీ వదిలితే రేపెవడో నచ్చింది రాసుకుంటాడు. గీత కొట్టీ." ఆమె గీత కొట్టింది. ఆయన సంతకం పెట్టాడు.

ఆ కాగితాలు సర్దుతున్నప్పుడే గ్రేసీ ఒక మాట అంది. "నేను ముందు పోతే నన్ను ఒక్క గంట మనింటికి తీసుకురా. మా తమ్ముడింటికన్నా ముందు. తర్వాత చర్చి, సమాధుల తోట, వాళ్లిష్టం."

"ఇదీ రాయనా?"

"ఇదెందుకు రాయడం? నీకు చెప్పానుగా."

మరుసటి ఏడు ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు ఉత్తరం పంపింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని కలిసి జీవించిన భాగస్వామికి ఇవ్వవచ్చని అందులో ఉంది. గౌరీశ్వరి ఆ వార్త ప్రింటు తీసి అదే ఫైలులో పెట్టింది.

మంగళవారం పదకొండున్నరకి ఆమె ఆ ఫైలు పట్టుకుని ఆసుపత్రి కింది అంతస్తులో కౌంటరు దగ్గరికి వెళ్లింది. అంతకుముందే కాసులమ్మకి ఫోను చేసింది. వాకిట్లో బల్ల వేసి ఉంచమంది. కౌంటరులో అర్జునరావు అనే గుమాస్తా ఉన్నాడు. గ్రేసీ కింద పనిచేసినవాడే. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బాడీ నేను తీసుకెళ్తాను," అంది గౌరీశ్వరి. పవర్ ఆఫ్ అటార్నీ తీసి ముందు పెట్టింది.

అర్జునరావు చదివాడు. మళ్లీ చదివాడు. "మేడం, ఏటనుకోకండి. ఇది సిస్టరుగారు బతికున్నంత వరకే కదండీ."

గౌరీశ్వరి కాగితం వైపు చూసింది. రాసిచ్చిన మనిషి పోతే పవర్ ఆఫ్ అటార్నీ కూడా పోతుంది. పదిహేడేళ్లుగా ఆఫీసుకి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాట చెప్పింది ఆమే. నాన్న పోయాడు, కాగితం ఉంది కదమ్మా అని వచ్చినవాళ్లని తిప్పి పంపింది. పొద్దుటి దాకా చెల్లిన కాగితం పదకొండూ ఇరవైకి చెల్లకుండా పోయింది. ఆ సంగతి అర్జునరావు చెప్పే దాకా ఆమెకి గుర్తు రాలేదు.

ఆమె రెండో కాగితం, ఆరోగ్యశాఖ ఉత్తరం వార్త, తీసింది. అర్జునరావు అదీ చదివాడు. "బంధువులు లేనప్పుడు అనుంది మేడం. సుందర్ రాజ్ గారు గాజువాకలో బయల్దేరీసేరు. దార్లో ఉన్నారు."

ఆదివారం తల్లితో వచ్చి చూసి వెళ్లిన సుందర్ రాజ్ పన్నెండున్నరకి మళ్లీ వచ్చాడు. స్టీలుప్లాంటులో ఫోర్‌మన్. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. అక్కని చూసి వచ్చి, గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చాడు. తర్వాత గౌరీశ్వరి దగ్గరికి వచ్చాడు.

"మీరు చేసింది మర్చిపోమండి గౌరిగారూ."

"ఒక్క గంట మా ఇంటికి తీసుకెళ్లనివ్వండి. దారే కదా. అక్కే అడిగింది."

"రాసిచ్చిందా?"

"లేదు. చెప్పింది."

సుందర్ రాజ్ నేల చూశాడు. "అమ్మ ఇంటి దగ్గరుంది. చర్చి సంఘం వాళ్లంతా వచ్చేశారు. ముందు ఎవరింట్లో పెట్టారని అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

"అక్క ఇంట్లో అని చెప్పండి."

"మీకు తేలిక. నాకు ఇద్దరాడపిల్లలున్నారు," అన్నాడు. రిజిస్టరులో సంతకం పెట్టాడు.

అప్పటికి అప్పలసూరి స్కూటరు మీద వచ్చి ఉన్నాడు. ఇదంతా విన్నాడు. "ఏటి బాబూ, ఒక్క గంటకి ఊరు మునిగిపోద్దా?" అన్నాడు. సుందర్ రాజ్ ఆయన ఎవరో తెలియక చూశాడు.

రెండూ నలభైకి గ్రేసీని ఎక్కించిన బండి బయల్దేరింది. గాజువాక వెళ్లాలంటే హనుమంతవాక దిగి మద్దిలపాలెం మీదుగా వెళ్లాలి. అప్పలసూరి స్కూటరు స్టార్టు చేశాడు. "ఎక్కమ్మాయ్."

మద్దిలపాలెం కూడలిలో ఎర్ర సిగ్నలు పడింది. బండి ఆగింది. స్కూటరు దాని వెనకే ఆగింది. సిగ్నలు మీద అంకె ఎనభై రెండు చూపిస్తోంది. గౌరీశ్వరి దిగి బండి వెనక అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడింది. పక్కన ఆగిన బస్సులోంచి జనం తొంగి చూశారు. అక్కణ్నుంచి సందు మొదలు కనిపిస్తుంది. సందు మొదట్లో కాసులమ్మ, పక్కింటి వాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. బండి తిరుగుతుందని వాళ్లు దారిలో ఉన్న సైకిలు పక్కకి తీశారు.

అంకె సున్నాకి వచ్చింది. బండి నేరుగా వెళ్లింది.

కాసులమ్మ రోడ్డు దాటి వచ్చింది. "ఏటే, ఎల్లిపోతంది? బల్ల ఏసీసేను. దుప్పటి కూడా ఉతికింది పరిసేను."

"ఆగదు పిన్నీ," అంది గౌరీశ్వరి.

భూస్థాపన బుధవారం పది గంటలకి. పాస్టరు బంధువుల పేర్లు చదివాడు. తల్లి ప్రేమలీల, తమ్ముడు సుందర్ రాజ్, మరదలు, మేనకోడళ్లు. గౌరీశ్వరి పేరు లేదు. ఆమె అప్పలసూరితో వెనక వరసలో ఉంది. మన్ను వేయడానికి మొదట తల్లి వెళ్లింది, తర్వాత తమ్ముడు. అందరూ వేశాక గౌరీశ్వరి వెళ్లింది. అప్పటికి పెట్టె కనిపించడం లేదు.

ఆమె వెనక్కి వస్తుంటే ప్రేమలీల కుర్చీలోంచి చెయ్యి చాపి పట్టుకుంది. ఆమెకి డెబ్బై ఎనిమిది.

"ఇంటికి ఒక్క గంట అడిగావట."

"ఎవరు చెప్పారాంటీ?"

"మీ ఆఫీసాయన. ఇందాక నీళ్లు తెచ్చిచ్చి చెప్పాడు. నాతో ఎవరూ అనలేదమ్మా. అంటే మాత్రం నిన్న ఒప్పుకునేదాన్నో లేదో. అబద్ధం ఎందుకు."

తర్వాత చర్చి ఆఫీసు గదిలో రిజిస్టరు తీశారు. భూస్థాపన చూసిన ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. పేరు, చనిపోయినవారితో సంబంధం, సంతకం. మొదటి వరసలో సుందర్ రాజ్ చేశాడు. పాస్టరు రెండో సాక్షి కోసం సంఘ పెద్దని పిలవబోయాడు.

"గౌరి చేస్తుంది," అంది ప్రేమలీల.

సుందర్ రాజ్ "అమ్మా" అన్నాడు. ఆమె అటు చూడలేదు.

పాస్టరు పేరు రాసుకున్నాడు. "సంబంధం స్నేహితురాలు అని రాస్తానమ్మా."

"వద్దు. స్నేహితురాళ్లని నేను చూశాను. పళ్లు తెచ్చారు, వెళ్లారు. ఇది మూడు రోజులు ఆసుపత్రిలో కింద కూర్చుంది."

"మరేం రాయమంటారు?"

ప్రేమలీల గౌరీశ్వరి వైపు చూసింది. "నాకూ తెలీదు పాస్టరుగారూ. అది మాత్రం రాయకండి."

పాస్టరు పుస్తకం గౌరీశ్వరి వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. పక్కన సంబంధం గడి ఖాళీగా ఉంది. గుమ్మంలో నిలబడ్డ అప్పలసూరి అది చూశాడు. గీత కొట్టమనలేదు.

గౌరీశ్వరి గీత కొట్టలేదు. పెన్ను పుస్తకం మీద పెట్టింది. పాస్టరు పుస్తకం మూసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పటికి పన్నెండూ పది.