గడపలు లెక్కపెట్టే సముద్రం

వీరదుర్గకి అన్యాయం జరిగింది 2024 నవంబరు పన్నెండు, మంగళవారం నాడు. చేసినవాడు ఊరిపెద్ద గంగాధరరావు. చేతికి మట్టంటకుండా చేశాడు. పెద్దమనుషులు చేసే పనులన్నీ అలాగే ఉంటాయి.

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వాళ్ల పాలెం. ఒకటే వీధి, ముప్ఫై ఇళ్లు, ముప్ఫై గడపలు. కార్తీకం వచ్చిందంటే ఆ నెలంతా సముద్రం రోజూ పగటి పోటుకి వీధిలోకి వస్తుంది. పెద్ద నీరేం కాదు. తువ్వాలంత వెడల్పు, చీలమండ లోతు. మొదటింటి నుంచి ఒక్కో గడపనీ తపక్, తపక్ మని తట్టి లెక్కపెట్టుకుంటుంది. మొదటి రోజు మొదటి గడప దగ్గర ఆగుతుంది. రెండో రోజు మొదటిదాన్ని తట్టి రెండోదాని దగ్గర ఆగుతుంది. ఆగిన ఇంట్లోకి వెళ్లి తనకి నచ్చింది ఒకటి తీసుకుని పోతుంది. ఆడవాళ్లు పొద్దున్నే చేపలు ఎండేసుకుని, పిల్లల్ని బడికి పంపి, వంతున్న ఇంటి ముందు ముగ్గు కాస్త పక్కకి జరిపి వేసేవాళ్లు. కరెంటు బిల్లు కొట్టేవాడు వచ్చినట్టే, అంతకు మించి ఆ సంగతి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

మాట్లాడకపోతే భయం లేదని కాదు. ఒక ఇంట్లో చేట పోతుంది, ఒక ఇంట్లో కోడిపెట్ట పోతుంది. పాపాయమ్మ పచ్చి బాలింతగా ఉన్నప్పుడు ఉయ్యాల్లో పిల్లాడి ఊపిరి పట్టుకుపోయింది. దాక్కున్నా లాభం లేదు. రాజబాబు తల్లి తన వంతు రోజున గుడివాడ ఆసుపత్రిలో ఉంటే, ఇక్కడ నీళ్లు గడప దాటిన నిమిషానికి అక్కడ ఆవిడ చెవులు వినడం మానేశాయి.

వీరదుర్గది పదో ఇల్లు. ఆ ఏడు కార్తీకం పదో రోజు, నవంబరు పదకొండున, సముద్రం ఆమె ఇంట్లో ఇత్తడి బిందె తీసుకుంది. పీడ వదిలిందనుకుంది వీరదుర్గ. మర్నాడు మళ్లీ ఆమె ఇంటికే వచ్చింది. వాకిట్లో వల బాగుచేసుకుంటున్న మొగుడు నరేంద్ర మాట పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి అతను నోరు తెరిస్తే గాలే వస్తుంది. గంగమ్మ ఇష్టం అన్నారు అందరూ. గంగాధరరావు ఇంకో మెట్టెక్కి, ఆ ఇంట్లో ఏదో అపచారం జరిగే ఉంటుందన్నాడు. ఆ మాట వీరదుర్గకి గొంతులో ముల్లై కూర్చుంది.

మాటలేని మొగుడు వేలంపాట దగ్గర చేపలేం అమ్ముతాడు? ఏదో ఒక పని దొరుకుతుందని వీరదుర్గ, కడుపుతో ఉండి కూడా, నాగాయలంకలో ఆడవాళ్లకి ఉచితంగా చెప్పే కంప్యూటర్ క్లాసులో చేరింది. బందరు నుంచి బస్సులో వచ్చే హైమవతి గారు చెప్పేవారు. అర్రే అంటే వరస. లూపు అంటే ఆ వరస వెంట ఒక్కొక్కదాని దగ్గరా ఆగుతూ సాగే తిరుగుడు. ఒక రోజు ఆవిడ చేపల పేర్లతో వరస కట్టించి, లూపు తిప్పుతూ సొరలన్నిటినీ తీసెయ్యమన్నారు. వీరదుర్గ చందువా, సొర, సొర, వంజరం అని పెట్టింది. ఎన్నిసార్లు తిప్పినా ఒక సొర మిగిలిపోతోంది.

"మీ కంప్యూటర్ కళ్లు మూసుకుని పని చేస్తందండీ," అంది.

"దానికి కళ్లెక్కడివమ్మా," అని హైమవతి నవ్వారు. "అది చేపని చూడదు, చోటుని చూస్తుంది. రెండో చోట ఉన్న సొరని తీసేశావు. వెనకున్నవన్నీ ఒక్కడుగు ముందుకి జరిగి, రెండో సొర రెండో చోటికొచ్చింది. రెండు అయిపోయింది కదా అని అది మూడుకి పోయింది. మధ్యలో ఇది బతికిపోయింది."

వీరదుర్గ తెర మీద మిగిలిన సొర మీద వేలు పెట్టింది. "తియ్యకుండా, లూపు తిరుగుతుండగా వరస మొదట్లో ఒక కొత్త చేపని తోస్తేనండీ?"

"అన్నీ వెనక్కి జరుగుతాయి. ఇందాక చూసినదాన్నే మళ్లీ చూస్తుంది."

ఆమెకి ఊళ్లో కొత్త కొట్టు గుర్తొచ్చింది. పోయినేడు పదకొండో తారీకు సాయంత్రం వీధి మొదట్లో గంగాధరరావు రొయ్యల మేత కొట్టుకి గడప నిలబెట్టి కొబ్బరికాయ కొట్టాడు. పదోదైన తన గడప పదకొండోదై, మర్నాడు నీళ్లు మళ్లీ తన ఇంటికే వచ్చాయి. ముప్ఫై గడపలు ముప్ఫై ఒకటయ్యాయి. కార్తీకానికి రోజులు ముప్ఫయ్యే. వీధి చివర గడప గంగాధరరావు మేడది. లెక్క అక్కడిదాకా రాలేదు. ఇక ఏ ఏడూ రాదు. కంప్యూటర్ లెక్క సున్నా దగ్గర మొదలెడుతుంది, సముద్రం ఒకటి దగ్గర. అంతకు మించి తేడా ఏమీ లేదు.

ఎండాకాలం పోయాక ఆడపిల్ల పుట్టింది. మళ్లీ కార్తీకం వచ్చేసరికి దానికి నాలుగో నెల. నిద్రలో నవ్వుతుంది. అది నవ్వినప్పుడల్లా వీరదుర్గ వేలు దాని ముక్కు కింద పెట్టి చూసేది. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచి వెళ్లి చూసేది. నరేంద్ర ఉయ్యాల తాడు చేతికి చుట్టుకుని పడుకునేవాడు, సముద్రం తాళ్లు చూసి ఆగుతుందన్నట్టు.

తుఫాను దాటిపోయి మూడు రోజులే అయింది, కరెంటింకా రాలేదు. ఆ శుక్రవారం పక్కింటి పాపాయమ్మ వంతు. నీళ్లు ఆవిడ చేతికర్ర పట్టుకుపోయాయి. మర్నాడు వీరదుర్గది. నీళ్లు వెనక్కి తగ్గగానే ఆమె గునపం పట్టుకుని పాపాయమ్మ వాకిట్లో నిలబడింది.

"మామ్మా, నీ గడప పీకనియ్యి."

"శుక్రవారమని పొద్దున రాసిన పసుపింకా ఆరలేదు. గడప లేని ఇంటిని ఇల్లంటారటే? నేను పోయాక పీక్కో."

వీరదుర్గ గుమ్మం ముందు తడిమట్టిలో గవ్వలు వరసగా పేర్చి, ఒకటి తీసి, మిగతావి ముందుకి జరిపి చూపించింది. నీ గడప పోతే నాది నీ లెక్కలోకి వస్తుంది, నీ లెక్క అయిపోయింది కాబట్టి రేపు నన్ను దాటిపోతుంది అంది. పాపాయమ్మ గవ్వలకేసి చూసి, ఇదంతా నిజమని నీకెవరు చెప్పారే అని అడిగింది.

"సొరచేప చెప్పింది మామ్మా. తప్పు చెప్పిందనుకో, రేపీపాటికి నా పిల్ల ఉండదు, నీ గడపా ఉండదు. నాకు కాళ్లు వణుకుతున్నాయి. చూడు."

ముసలావిడ చూసింది. నిజంగానే వణుకుతున్నాయి.

"ఆ రోజు నా పిల్లాడి కోసం ఎవరూ గునపం తేలేదు," అంది పాపాయమ్మ. "మెల్లగా పీకు. తలుపు చెక్క విరిగిందంటే ఊరుకోను."

గడప ఊడదీశాక వీరదుర్గ అవతలి పక్కింటి కనకరత్నం దగ్గరికి వెళ్లి, పిన్నీ, నీళ్లు ఎల్లుండి కాదు, రేపే మీ ఇంటికొస్తాయి, సిద్ధంగా ఉండండి అని చెప్పింది. కనకరత్నం తిట్టాల్సినవన్నీ తిట్టి, ముగ్గుపిండి కలుపుకోవడానికి లోపలికి వెళ్లింది.

శనివారం పోటు వేళకి వీధి నోరు మూసుకుంది. వీరదుర్గ పిల్లని గుండెలకి అదుముకుని గోడకి ఆనుకుంది. నరేంద్ర గుమ్మంలో నిలబడ్డాడు. తపక్, తపక్ మని శబ్దం దగ్గరికొస్తోంది. పాపాయమ్మ గుమ్మం ముందు చప్పుడు లేకుండా జారి, నీళ్లు వీరదుర్గ గడపని తట్టాయి. పదోది. ఆ తడి లోపలికి ఒక వేలెడు పాకింది. నరేంద్ర నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్ల ఊపిరి వీరదుర్గ మెడ మీద తగులుతోంది. తగులుతోంది. తగులుతూనే ఉంది. అవతల కనకరత్నం గడప మీద తపక్ మంది. అక్కడ ఆగింది. ఆవిడ పాత గొడుగు పట్టుకుని వెళ్లిపోయింది.

సంగతి ఊరంతా తెలిసింది. మర్నాడు పొద్దున్నే గంగాధరరావు వచ్చి, ఆడదానివి గడపలు పీకుతావా, ఊరికి అరిష్టం కాదా అన్నాడు.

"ముప్ఫై ఒకటి మళ్లీ ముప్ఫై అయ్యాయి మావయ్యగారూ," అంది వీరదుర్గ. "ఆఖరి రోజు మీ గడప. చెప్పలేదనకండి."

"ఇంకో కొట్టు కడతాను. ఏం చేస్తావు?"

"కట్టండి. ఆ రోజు నీళ్లు ఎవరింటి దగ్గర ఆగాయో మర్నాడు మళ్లీ వాళ్లింటికే వస్తాయి. ఎవరింటికో మీరే చెప్పి కట్టండి."

చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే తలెత్తారు. గంగాధరరావు మేడకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఆడవాళ్లు చేపలు వీధి మొదట్లోనే ఎండేశారు. కొత్త గడప లేవకుండా ఎవరో ఒకరు అక్కడ కూర్చునే ఉండేవాళ్లు.

పోటు రోజుకొక గడప ముందుకి జరిగింది. మేడ మీద గంగాధరరావు ఆ చప్పుడు వింటూనే ఉన్నాడు. అన్నం ముందు నుంచి మధ్యలో లేస్తున్నాడని, ఇంట్లోవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే పట్టి చూస్తున్నాడని వంటమనిషి చెప్పింది. వీరదుర్గ నవ్వలేదు. ఆ భయం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

ఏం పట్టుకుపోయిందో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సముద్రం గంగాధరరావు గడప దాటింది 2025 నవంబరు ఇరవై, గురువారం, పగటి పోటుకి.