ఏడు మిగిలేదాకా

అక్క మానస చనిపోయాక పావని వంటింటి గోడ వైపు చూడలేక తల తిప్పుకునేది. సున్నం గోడ మీద అక్క బొగ్గుతో రాసిన సంఖ్య ఇంకా అలాగే ఉంది: 73939133.

ఎమ్మెస్సీ లెక్కలు చదువుతున్న మానస సెలవులకు ఇటిక్యాల దగ్గరి తమ ఊరికి వచ్చినప్పుడల్లా తల్లి కాంతమ్మతో పాటు విత్తనాల కోసం పెంచే సీడుపత్తి చేనుకు కూలికి పోయేది. చివరిసారి వచ్చినప్పుడు ఒక సాయంత్రం, తల్లి నీళ్లకు పోయిన వేళ ఆ సంఖ్య రాసి చెల్లెల్ని పిలిచింది.

"ఇది ప్రధాన సంఖ్య. ఒకటితోని, తనతోని తప్ప దేంతోనూ తెగదు. చివరి అంకె తుడిపెయ్, మిగిలింది గూడ ప్రధాన సంఖ్యే. ఇంకోటి తుడువు, అదీ అంతే. ఏడు మిగిలెదాక గట్లనే ఉంటది. గిసొంటి వాటిల్ల అన్నిటికన్న పెద్దది ఇదే. ఇంక దీని పక్కన ఏ అంకె పెట్టినా చెడిపోతది."

మరునాడు పొద్దున కూలోళ్ల ఆటో బోల్తా పడింది. కాంతమ్మ చేతికి కట్టుతో ఇంటికొచ్చింది. మానస రాలేదు.

కొన్నాళ్లకు గోడ మీది చివరి అంకె మూడు మాయమైంది. సున్నం రాలిందేమో అనుకుంది పావని. తర్వాత దాని ముందరి మూడు పోయింది. ఆపైన ఒకటి. ప్రతిసారీ మిగిలినదాన్ని ఫోనులో సరిచూసేది. అక్క చెప్పినట్టే, ఎక్కడా తెగలేదు. ఆ సంగతి తామిద్దరికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మకు అక్షరం ముక్క రాదు. మరి వరస తప్పకుండా తుడుస్తున్నదెవరు? వెనక అక్క నిలబడ్డట్టే అనిపించి, గోడకు వీపు తిప్పి అన్నం తినలేకపోయేది.

డెబ్బై మూడు మాత్రమే మిగిలిన రోజు, పావని గద్వాల కాలేజీకని బయల్దేరి, తుడిచేదెవరో చూడాలని సందు మలుపు నుంచి తిరిగొచ్చింది. కాంతమ్మ తడి కొంగుతో మూడును తుడిచేసి, ఏడు ముందు కదలకుండా నిలబడి ఉంది.

"నువ్వా అమ్మా?"

కాంతమ్మ తిరగలేదు. "ఆఖరున రాసింది ముందుగాల తుడుస్తున్న బిడ్డా. గిట్ల ఎన్కకు పోతే, అది రాయకముందటి దినం వస్తదేమో అని. ఆ పొద్దున నేనే లేపిన దాన్ని, ఆటో వచ్చింది లెవ్వు అని."

"మరి ఏడు కాడ ఎందుకు ఆపినవు?"

"ఇది గూడ తుడిసినంక రాకపోతే?"

తర్వాత తల్లే అడిగింది, మానస ఏం రాసిందో జర చెప్పమని. పావని డబ్బాలోంచి ఏడు చింతగింజలు తీసి నేల మీద పోసింది. వీటిని సమానంగా పేర్చు, చూద్దాం అంది. కాంతమ్మ రెండు వరసలు పేర్చింది. ఒకటి మిగిలింది. మూడు వరసలు పేర్చింది. మళ్లీ ఒకటే మిగిలింది.

మిగిలిన ఆ గింజను తీసి కాంతమ్మ గుప్పిట్లో పెట్టుకుంది. పొయ్యి ముట్టించడానికి లేచినప్పుడు కూడా ఆ పిడికిలి విప్పలేదు.