ఖోఖో మేడం క్యాచర్ గ్లవ్

నేను ఒక తోలు గ్లవ్‌ని. చలికి తొడుక్కునే రకం కాదు, పొయ్యి మీది గిన్నె దించే రకం అసలే కాదు. బేస్‌బాల్‌లో బ్యాటు పట్టినవాళ్ల వెనక కూర్చుని, పిచ్చర్ విసిరిన బంతిని పట్టే క్యాచర్ చేతికి ఉంటాను. తక్కినవాళ్ల గ్లవ్‌లకు వేళ్లుంటాయి, నాకు అవీ లేవు. బూరెలా ఉబ్బి ఉంటాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నేను పట్టిన బంతి ఒక్కటి మీ అరచేతికి తగిలితే వారం రోజులు అన్నం కలుపుకోలేరు.

పుట్టింది మీరట్‌లో, ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో. నన్ను కుట్టిన ముసలాయన తన జన్మలో ఒక్క బేస్‌బాల్ మ్యాచ్ చూడలేదు. అయినా ప్రతి కుట్టునూ లాగి చూసి మరీ ముడివేశాడు. చూడని ఆట కోసం అంత శ్రద్ధ పెట్టాడంటే ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. అక్కడినుంచి పార్సిల్‌లో నిజామాబాద్ జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీకి చేరాను.

అక్కడ మొదట నన్ను అందుకున్నది పి.డి. హన్మాండ్లు సార్. పి.డి. అంటే ఫిజికల్ డైరెక్టర్, కాలేజీలో ఆటలన్నీ చూసుకునే మనిషి. ఆయన కుర్రతనంలో కుస్తీ పట్టినవాడు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందిర బై, నెత్తి మీద కుండ కింద పెట్టే సుట్టబట్ట లెక్కున్నది" అన్నాడు. పరుగు కోసం మూడు బేస్‌లనే మజిలీలు దాటి, బయల్దేరిన చోటైన హోం దగ్గరికి పరుగెత్తుకొచ్చే రన్నర్‌ను బంతితో తాకితే చాలు, ఔట్. ఈయన క్యాచర్లకు మాత్రం నడుం పట్టి ఎత్తి పడేయడం నేర్పాడు. పాపం, అంపైర్లు ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. ఇన్నేళ్లలో నేను గమనించిందేమిటంటే, మన కాలేజీల్లో బేస్‌బాల్ కోచ్‌గా పుట్టినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఇంకో ఆటలోంచి దారితప్పి వచ్చినవాళ్లే. కప్పు మొహం చూడకుండానే హన్మాండ్లు సార్ రిటైరయ్యాడు.

తర్వాత వచ్చింది గంగామణి మేడం. అమ్మ బీడీలు చుట్టి చదివించిన పిల్ల. ఉత్తకాళ్లతో ఊరి బడి గ్రౌండులో ఖోఖో మొదలుపెట్టి రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. వ్యాయామ విద్యలో డిగ్రీ చదివి, కాంట్రాక్టు మీద పి.డి.గా చేరింది. బేస్‌బాల్ రూలుబుక్కు ముందేసుకుని, తెలియని ప్రతి మాట పక్కన పెన్సిలుతో తెలుగు రాసుకుని నేర్చుకుంది. కానీ జట్టు కోసం ఎవర్ని పోగుచేసింది? తన దగ్గరున్న ఖోఖో పిల్లల్నే! రోజూ ప్రాక్టీసుకు ముందు అరగంట ఖోఖో ఆడించేది. స్టాఫ్‌రూంలో అందరూ ముసిముసిగా నవ్వుకునేవారు. నిజం చెప్పాలంటే నేను కూడా పెదవి విరిచాను.

మొదటి ఏడాది అంతర్ కళాశాలల మ్యాచ్‌లో మా పరువు పోనే పోయింది. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య ఒక రన్నర్ చిక్కింది. మా భూలక్ష్మి బంతి చేతబట్టి ఆమెను రెండో బేస్ వైపు తరిమింది. ఆ రన్నర్ టక్కున ఆగి, వంగి, పక్కనుంచి జారుకుంది. ఎవరైనా వెనక్కి తిరుగుతారు కదా? భూలక్ష్మి తిరగలేదు. ఖోఖోలో ఒకసారి ఒక వైపు ఉరికితే వెనక్కి మళ్లడం తప్పు, ఆ చివరి స్తంభం చుట్టి రావాల్సిందే. అలవాటు ప్రాణం మీదికి తెచ్చింది. పిల్ల బంతి పట్టుకుని రెండో బేస్ దాకా పోయి, స్తంభం ఉన్నట్టే దాని చుట్టూ తిరిగింది. ఈలోగా ఆ రన్నర్ తాపీగా హోం చేరింది. గ్రౌండంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఎదుటి జట్టు కోచ్ శ్రీకర్ సార్. బేస్‌బాల్‌లో డిప్లొమా ఉంది, సర్టిఫికెట్లన్నీ లామినేషన్ చేయించి ఫైల్లో పెట్టుకుని తిరుగుతాడు. మ్యాచయ్యాక మెల్లగా వచ్చి, "మేడం, మీ బ్యాక్‌గ్రౌండ్ ఏంది?" అన్నాడు.

"ఖోఖో సార్."

"అదే అనుకున్న" అని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ప్రిన్సిపాల్‌కు కూడా మండింది, కానీ మేడం మీద. రెండో ఏడాదీ కప్పు రాకపోయేసరికి, మూడో ఏడాది మొదట్లో పిలిచి తేల్చిచెప్పాడు. "సూడు గంగామణి మేడం, ఈసారి కప్పు రాకుంటే శ్రీకర్ సార్‌ను మన కాడికి తెచ్చుకుంటం. ఆయన ఒప్పుకున్నడు. బేస్‌బాల్ ఆయన సూస్కుంటడు, మీరు ఖోఖో సూస్కోండ్రి." గెలిచిన కాలేజీ పి.డి.యే యూనివర్సిటీ జట్టుకు కోచ్ అవుతాడని అందరికీ తెలుసు. మేడం ఆశంతా దాని మీదే. ఆమె తలూపి బయటికి వచ్చింది. సామాన్ల గదిలో నన్ను ఒళ్లో పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తోలుకు కన్నీళ్లు మంచివి కావు, అయినా నేనేమీ అనుకోలేదు.

మర్నాటి నుంచి మాత్రం ఆమె వేరే మనిషి. భూలక్ష్మిని క్యాచర్‌ను చేసి నన్ను తొడిగింది.

"తిరగకు బిడ్డా. నీకు తిరుగుడు రాదు, రావద్దు కూడ. ముందున్న పిల్లకు ఖో ఇయ్యి. బంతి ఆమెకిచ్చి, నువ్వు బేస్ సుట్టుకొని మళ్ల రా" అంది.

ఇంతకాలం వాళ్ల చేత మాన్పించాలని చూసిన అలవాటునే ఇప్పుడు సాన పట్టింది. ఖో అని అరవాలి, ఆ అరుపుతోపాటే బంతి చేయి మారాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే మొదటినుంచి చేయాలి. ఆ ఆరు నెలల్లో నా తాళ్లు రెండుసార్లు తెగాయి. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన నైలాన్ దారంతో బిగించాడు.

ఫైనల్ శ్రీకర్ సార్ జట్టుతోనే. చివరి ఇన్నింగ్స్, వాళ్ల బ్యాటింగ్. మేం ఒక్క పరుగు ముందున్నాం. ఇద్దరు ఔటయ్యారు, మూడోది పడితే కప్పు మాది. కానీ మూడో బేస్ మీద వాళ్ల చిరుతపులి లాంటి రన్నర్ ఉంది. ఆమె హోంకు చేరితే లెక్క సమం, ఆ తర్వాత బ్యాటు పట్టేది వాళ్లలో అందరికన్నా గట్టిగా కొట్టే పిల్ల. మేడం అంచున నిలబడి చున్నీ కొసను నలిపేస్తోంది.

బంతి నాలోకి వచ్చి పడింది. ఆశకొద్దీ ఆ రన్నర్ బేస్ వదిలి బాగా ముందుకు వచ్చేసింది. భూలక్ష్మి లేచి నేరుగా ఆమె మీదికి ఉరికింది. రన్నర్ మూడో బేస్ వైపు పరుగు తీసి, టక్కున ఆగి, వంగి, పక్కనుంచి హోం వైపు జారుకుంది. అయ్యో, మళ్లీ అదే! నా లోపలి దూదంతా గడ్డకట్టుకుపోయింది.

భూలక్ష్మి తిరగలేదు. "ఖో!" అంది. బంతి మూడో బేస్ పిల్లకు చేరింది. "ఖో!" అని ఆ పిల్ల దాన్ని హోం కాపలాకు పరుగెత్తుకొచ్చిన పిచ్చర్‌కు విసిరింది. ఎదురుగా బంతి కనబడేసరికి రన్నర్ గిరుక్కున వెనక్కి మళ్లింది. ఈలోగా మా భూలక్ష్మి మూడో బేస్ చుట్టూ తిరిగి, ఎదురుగా వస్తోంది. "ఖో!" అంది పిచ్చర్. బంతి ధడేల్మని నా కడుపులో పడింది. నేను వెళ్లి ఆ రన్నర్ భుజం మీద వాలాను.

"ఔట్!" అన్నాడు అంపైర్.

మా పిల్లలు ఎగరబోతుంటే శ్రీకర్ సార్ పరుగున వచ్చాడు. "ఇదేం పద్ధతి సార్? అరిసి మా పిల్లను ఆగం జేసిండ్రు. ఇది బేస్‌బాలా, ఖోఖోనా?" అన్నాడు. అంపైర్ నెరిసిన జుట్టు పెద్దమనిషి. తొందరపడలేదు. రూలుబుక్కు తెప్పించి, కళ్లద్దాలు సవరించుకుని నాలుగు పేజీలు తిప్పాడు. మూడేళ్ల కష్టం ఆ పెద్దమనిషి వేలి కొసన వేలాడుతోంది.

"తోటోళ్లను పిలుసుకుంటే తప్పని ఇందుల యాడ లేదు సార్. మీ పిల్లను ఎవ్వరు అడ్డుకోలే. ఔట్ ఔటే" అన్నాడు.

అబ్బో, ఆ సంబరం! పిల్లలు మేడంను భుజాలకెత్తుకున్నారు. భూలక్ష్మి నన్ను ఆకాశంలోకి విసిరింది. పాతికేళ్ల నాటి తోలు ముక్కని, మా మేడం గెలుపును అంత ఎత్తునుంచి చూశాను. చాలదూ?

పదిరోజులకు శ్రీకర్ సార్ మా గ్రౌండుకు వచ్చాడు. ఫైలు తేలేదు. చెప్పులు గీత బయటే విడిచాడు. "మేడం, ఎవ్వరితోని అనకుర్రి. నేను ఆడింది టేబుల్ టెన్నిస్. బేస్‌బాల్ ఆరువారాల కోర్సు, అంతే. ఆ ఖో ఎట్లిస్తరో మా పిల్లలకు జెర సూపెట్టుర్రి" అన్నాడు. మేడం నవ్వలేదు. "రేపు పొద్దుగాల ఆరింటికి తోల్కరార్రి సార్" అంది. నేనైతే లోపల్లోపల తెగ నవ్వుకున్నాను.

యూనివర్సిటీ జట్టు కోచ్‌గా గంగామణి మేడం పేరుతో ఉత్తర్వు వచ్చిన రోజు ప్రిన్సిపాల్ తన గదిలో అద్దాల బీరువా తెరిపించాడు. పై అరలో కప్పు పెట్టించి, కింది అరలో పట్టు గుడ్డ పరిపించాడు. "ఆ గ్లవ్ గూడ ఇయ్యుర్రి మేడం, కప్పు పక్కన పెడ్దాం. దాని పని అయిపోయింది గద" అన్నాడు. నాలాంటి వాటికి ఇంతకన్నా గౌరవమైన చావు లేదని నాకూ తెలుసు. ఆ పట్టు గుడ్డ చూసి ఒక్క క్షణం మనసు జారిన మాట కూడా నిజమే.

మేడం నన్ను చంకలో ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"కప్పు పెట్టుకోండ్రి సార్. దీనికి రేపు ప్రాక్టీసున్నది."