ఐదున్నరకు తెరిచే బడి

గోరుచిక్కుడు ఈనెలు తీస్తుంటే మా ఆయన బాలరాజ్ వచ్చి నా ముందొక నోటుబుక్కు పెట్టి, "చెయ్యి ఖాళీ అయినంక జెర మన స్కూలు చరిత్ర రాయి" అన్నాడు. నా చెయ్యి ఖాళీగా ఉండటం ఈయన ఎప్పుడు చూశాడో నాకు తెలియదు. స్కూలు పెట్టి ఇరవై ఐదేళ్లు నిండాయి కాబట్టి సిల్వర్ జూబిలీ చెయ్యాలట. జూబిలీ అంటే సావనీరు, సావనీరంటే మొదటి పేజీలో చరిత్ర ఉండి తీరాలట.

"నీ తెలుగు మంచిగుంటది గదా. నేను చెప్త, నువ్వు రాయి. పటాన్‌చెరు ప్రెస్సుల కిష్టప్ప రేపు పొద్దుగాల ఏడింటికే మిషన్ ఎక్కిస్తడు. గంతలోపల ఫోన్ల పంపియ్యాలె."

కూరగాయల పళ్లెం పక్కకు జరిపి పెన్ను తీసుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మీటింగుల కోసం దాచుకున్న గొంతు బయటికి తీశాడు. "విద్యాదాత శ్రీ బాలరాజ్ గారు రెండువేల సంవత్సరంలో ఇస్నాపూర్ నందు జ్ఞానభద్ర ప్రిపరేటరీ స్కూలును స్థాపించిరి. ప్రాచీన ఋషుల పద్ధతిలో బ్రహ్మముహూర్తమున, అనగా ఐదున్నరకే బోధన ప్రారంభించుట వారి దూరదృష్టికి నిదర్శనము."

రాశాను. కానీ ఆ బ్రహ్మముహూర్తం నాకు బాగా గుర్తుంది. విద్యాదాత గారు దుప్పటి ముసుగుపెట్టి గురక పెడుతుంటే, ఆయన కాళ్లు దాటుకుంటూ వెళ్లి తలుపు తీసింది నేనే. బయట పక్క గది కిరాయికున్న సోమమ్మ. మందుల కంపెనీలో ఆమెకు ఫస్టు షిఫ్టు, రోడ్డు మీదికి బస్సు వచ్చేసింది. నైటు షిఫ్టుకు పోయిన మొగుడు ఇంకా రాలేదు. "అక్కా, మా ఆయన వచ్చేదాంక పిల్లను జెర సూడవా" అంటూ ఐదేళ్ల శ్రీదివ్యను నిద్రలోనే నా భుజం మీద వేసి పరుగు తీసింది. మర్నాటికి ముగ్గురు పిల్లలయ్యారు, వారం తిరిగేసరికి తొమ్మిది మంది. ఊరికే కూర్చోబెడితే ఇల్లు పీకి పందిరి వేస్తారు కదా, అందుకని ఎక్కాలు మొదలుపెట్టాను. ఈయన లేస్తే నా మీద అరుస్తాడని గుసగుసగా చెప్పించేదాన్ని. ఇప్పటికీ మా స్కూల్లో పిల్లలు ఎక్కాలు గుసగుసగానే చదువుతారు. బ్రోచర్లో దాని పేరు మౌనధ్యాన పద్ధతి.

ఐదేళ్లకు శ్రీదివ్యకు గురుకులంలో సీటొచ్చింది. ఆ మరుసటేడు నలుగురికి వచ్చింది. కంపెనీలో స్టోర్‌కీపర్‌గా ఉన్న ఈయన ఉద్యోగం మానేసి, బెంచీల కంటే ముందు రబ్బరు స్టాంపు చేయించాడు, ఫౌండర్ అండ్ కరస్పాండెంట్ అని. ఇక పేరు పాకింది. సంగారెడ్డి నుంచి కార్లలో వచ్చి, ఆ టైములో చదివితే మెదడుకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుందట కదా సార్, అని అడిగేవాళ్లు. ఈయన కళ్లు మూసుకుని తలూపేవాడు. మా పేరు చూసి కర్దనూర్‌లో ఒకాయన ఐదింటికే బడి తెరిచాడు, మా కంటే అరగంట ఎక్కువ బ్రహ్మ.

ఇన్నేళ్లలో నేను ఐదున్నరకు గేటు తీయని రోజు లేదు. జ్వరమొస్తే టీచర్లు సెలవు చీటీ రాసిస్తారు. నాకు ఆ చీటీ ఎవరికివ్వాలో ఎవరూ చెప్పలేదు. మా అత్తమ్మ మల్లవ్వ వాడకట్టంతా చెప్తుంటుంది, "మా కోడలికేం పని? ఇంట్ల కూసోని పోరగాండ్లను ఆడిపిస్తది" అని.

"ఇగ స్టాఫ్ పేర్లు రాయి" అన్నాడు ఈయన. పదకొండు మంది టీచర్లు అయ్యారు. ఆయా అయింది, వ్యాను డ్రైవరు అయ్యాడు, చివరికి నీళ్ల క్యాన్లు తెచ్చే నర్సింహ కూడా ఎక్కాడు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూశాను. ఈయన లేచి నిలబడ్డాడు.

"నా పేరు?" అన్నాను.

నిజంగా ఆశ్చర్యపోయాడు. "నువ్వు స్టాఫ్ ఎట్లయితవ్ రేఖా? నువ్వు ఇంటిమనిషివి." మళ్లీ నా మొహం చూసి ఎందుకో జాలిపడి, "సరే తియ్, ఆఖరుకు కృతజ్ఞతలల్ల పెడ్దాం. చాయ్ ఏర్పాట్లు, శ్రీమతి రేఖ అని" అన్నాడు.

తమలపాకు నములుతున్న అత్తమ్మ అందుకుంది. "పేరుతోని ఏం పనే? పేరు పెడితె కడుపు నిండుతదా?" మనవరాలి పెళ్లిపత్రికలో తన పేరు కింది వరుసలో పడిందని ఆరు నెలలు సొంత బిడ్డతో మాట్లాడని మనిషి ఈవిడ.

ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఈనెతోపాటు సగం కాయ కూడా తుంచి పారేశాను. ఆ పూట కూర ఎవరికీ సరిపోలేదు.

మర్నాడు అలవాటు కొద్దీ నాలుగుముప్పావుకే మెలకువ వచ్చింది. గేటు తాళంచెవి ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతోంది. ఇరవై ఐదేళ్లుగా రోజూ అందుకున్న తాళంచెవి. దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఇంటిమనిషి, ఇంటిమనిషి అని ఒకటే మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. సరే, ఇంటిమనిషి ఇంట్లోనే కదా ఉండాలి. చాయ్ పెట్టుకుని వంటింటి స్టూలు మీద కూర్చున్నాను. ఆ వేళప్పుడు చాయ్ అంత వేడిగా ఉంటుందని మరిచిపోయాను.

బెల్లు మోగింది. మళ్లీ మోగింది.

"రేఖా, బెల్లు!" లోపలి గదిలోంచి కేక.

"ఇనొస్తుంది."

"మరి తియ్యరాదా?"

"స్టాఫ్‌ను తియ్యమనుండ్రి."

"స్టాఫ్ ఎనిమిదింటికి గదా వచ్చేది!"

"ఔ గదా" అన్నాను.

లుంగీ సర్దుకుంటూ, నెరిసిన గడ్డం గోక్కుంటూ ఆయనే వెళ్లాడు. వంటింటి కిటికీలోంచి గేటు బాగా కనిపిస్తుంది. ముందు నిలబడ్డది మినతి, ఒడిశా నుంచి వచ్చి ప్యాకింగ్ సెక్షన్‌లో చేస్తోంది. చంకలో కూతురుంది.

"మేడమ్ కహా?"

"మై హూ నా" అని ఈయన చేతులు చాచాడు.

మినతి ఆయన్ని చూసింది. తల ఎత్తి గేటు మీది ఫ్లెక్సీ చూసింది. అక్కడ కోటు, టై, నల్లటి మీసం. మళ్లీ కిందికి చూసి పిల్లను గట్టిగా పట్టుకుంది. "యే కౌన్ హై?" అని వెనకున్న ప్రియాంకను అడిగింది.

ప్రియాంక కూడా పరీక్షగా చూసింది. "ఫ్లెక్సీల సారు లెక్కనే కనబడుతుండు గని, ఆయన అన్న కావొచ్చు."

"నేనే ఫౌండర్‌నమ్మా!"

"ఎవరైతేంది సార్, మేడమ్‌ను పిలువుండ్రి. పిల్లలను గట్లెట్ల ఇస్తం?"

కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఈయన మీది కోపానికి వాళ్ల షిఫ్టు పోగొట్టడం నాకు నచ్చలేదు. కిటికీలోంచి కేకేశాను. "ప్రియాంకా, మినతీ, నేనీడనే ఉన్న. ఇయ్యాళ సారు సూస్తడు, ఇచ్చి పోండ్రి!"

నా గొంతు వినగానే పిల్లలు చకచకా చేతులు మారారు. ఈమెకు పాలు పడవు సార్, వీడు కొరుకుతాడు సార్, దీనికి తెలుగు రాదు సార్, అంటూ తల్లులు పరుగు తీశారు. విద్యాదాత గారు చంకకొకరితో, లుంగీ పట్టుకుని వేలాడుతున్న ఇద్దరితో మిగిలిపోయాడు. నిన్నటి జాలి ఆయనకు తిరిగిచ్చేశాను.

చాయ్ పూర్తిగా తాగాను. నిన్న రాసింది కిష్టప్పకు ఇంకా పంపలేదు. నోటుబుక్కులో కొత్త పేజీ తీశాను. "రెండువేల సంవత్సరంలో ఒక తెల్లవారుజామున, ఫస్టు షిఫ్టుకు వెళుతూ సోమమ్మ తన కూతురిని రేఖ భుజం మీద వేసింది. ఈ బడి అక్కడ మొదలైంది." తర్వాత వాక్యాలు వాటంతటవే వచ్చాయి, ఎన్నాళ్లుగా గేటు బయట నిలబడి ఉన్నాయో. స్టాఫ్ జాబితాలో అందరికంటే పైన నా పేరు రాశాను. కృతజ్ఞతలు ఎగ్గొట్టడం మర్యాద కాదు కాబట్టి చివర అది కూడా పెట్టాను: ఒక రోజు గేటు తీసినందుకు శ్రీ బాలరాజ్ గారికి. ఫోటో తీసి కిష్టప్పకు పంపి, టిక్కులు రెండూ నీలం రంగుకు మారేదాకా చూశాను.

"రేఖా!" బయటి నుంచి దాదాపు ఏడుపు గొంతు. "గీళ్లందరు ఏడుస్తున్నరే! లోపల ఏం జేస్తున్నవ్?"

కిటికీ దగ్గరికి వెళ్లాను.

"మీరు చెప్పిన పనే. చెయ్యి ఖాళీ అయింది, చరిత్ర రాసిన."