తోకల పెట్టిన చెక్క

ఆ ఇమానం పడ్డది మీ లింగమూర్తి మామ తప్పుతోని కాదు. ముందుగల్ల గది రాయి హర్షిణీ. మిగిలింది తర్వాత రాద్దువు. నాకు సదువు రాదు, సంతకం మటుకు వస్తది, గందుకే నీతోని రాయిస్తున్న. మీ నాయిన చెప్తె ఒక తీరుంటది, మీ మమతత్త చెప్తె ఇంకో తీరుంటది. చెక్క పెట్టింది నేను. నేనే చెప్పాలె.

ముప్పై ఆరేండ్లు బొగ్గు బాయిల చేసిన. బొగ్గు తీసినంక నెత్తి మీద బండ మిగుల్తది గదా, అది కూలకుండ కింద మొద్దు కట్టె నిలవెట్టి, కట్టెకు బండకు నడుమ చెక్క కొట్టి బిగిచ్చుడు నా పని. పెట్టే ముందు రాడుతోని బండను కొట్టి ఇంటం. గట్టి బండ ఖంగుమంటది. లోపట పగిలిందైతె డొల్ల సప్పుడు, తడిసిన డప్పు లెక్క. డొల్ల సప్పుడు ఇనవడితె ఇంకో కట్టె పెట్టాలె. ఎక్కువ కట్టె పెట్టినందుకు బాయిల ఎవ్వడు సావలే.

ఎల్లేశం అని నా జోడీదారు ఉండె. ఒకనాడు మా ఇద్దరికి డొల్ల సప్పుడు ఇనవడ్డది. షిఫ్టు అయిపోవస్తుంది. "రేపొచ్చి పెడ్తం తియ్యి" అన్న. అన్నది నేనే. ఇద్దరం బైటికి మర్లినం. ఎల్లేశం టిఫిను డబ్బ మర్చిపోయిన్నని ఎనుకకు పోయిండు. తెల్లారి డబ్బ దొరికింది, సొట్ట గూడ పోలే. మనిషిని తీసెటాలకు రెండు రోజులైంది.

ఆన్నుంచి నా చెయ్యి ఊకుండది. గోడ కనవడితె కొడ్త. తలుపు కనవడితె కొడ్త. మీ అవ్వ సారవ్వ బతికున్నప్పుడు, "గీయినె దేవుని పటాన్ని గూడ కొట్టి చూస్తడు" అని నవ్వేది.

ఇగ ఇమానం సంగతి. మీ నాయిన వీరేందర్ పంపుల ఫిట్టరు. అల్లుడు లింగమూర్తి బొగ్గు లారీలను తూచే కాంటా మీద డ్యూటీ. బావలిద్దరు ఒకపారి హైదరాబాద్ పోయి, రిమోట్ తోని ఎగిరే జెట్టును చూసొచ్చిన్రు. వచ్చిన తెల్లారే మన క్వార్టర్ ముంగట రేకుల షెడ్డుల మొదలువెట్టిన్రు. మిగ్ యుద్ధ ఇమానం నమూనా. ఎనిమిది ఫీట్ల పొడుగు. మూడేండ్లు చేసిన్రు.

నేనేం ఊకె కూసోలే. ప్లైవుడ్ చట్రాలు కోసిచ్చిన. దాని మీద బాల్సా చెక్క అతికిచ్చిన్రు, అది ఎంత తేలికంటె నోటితోని ఊదితె లేస్తది. దాని మీద ఫైబర్ బట్ట, రెజిన్ అనే జిగురు. ఎండినంక గరుకు కాయితంతోని రాకుడు. మల్ల పుయ్యుడు, మల్ల రాకుడు. రాకుడే ఏడు నెలలైంది.

"మామా, మెల్లగ రాకు. అది బాయి కట్టె కాదు. గట్ల రాకితె ఇమానం అరిగి సైకిలైతది" అనేటోడు లింగమూర్తి.

మమత చాయ్ తెచ్చి గుమ్మంలనే నిలవడేది. తెల్ల దుబ్బతోని ముగ్గురం ఒక్క తీరే ఉంటిమి. "గిర్నిల పిండి పట్టిచ్చినట్టే ఉన్నరు. బాపూ, గీండ్లల్ల నా మొగడెవ్వడో జెర చెప్పు, చాయ్ ఇచ్చిపోత."

"బాగ పనిచేసెటోడు నీ మొగడు" అన్నడు లింగమూర్తి.

"అయితె గీడ లేడు" అన్నది.

గసొంటి రోజులు బిడ్డా.

రంగు పడ్డనాడు నీకు యాదికుండాలె. బూడిద వన్నె, రెక్క మీద అంకెలు నువ్వే అతికిస్తివి. తర్వాత బ్యాలెన్స్ చూసిన్రు. రెక్కల కింద ఇన్ని వేళ్ళకాడ అని పటంల లెక్క ఉంటది. లింగమూర్తి ఆ లెక్క నాలుగుసార్ల కొలిచి గుర్తు పెట్టిండు. గా గుర్తు కాడ చెరో దిక్కు వేళ్ళ మీద లేపితె ఇమానం ముక్కు జెరంత కిందికి వంగి నిలవాలె. ముక్కుల సీసం ముక్క పెట్టిండు, తీసిండు, మల్ల పెట్టిండు. ఆఖరికి నిలవడ్డది.

"చూడు బావా, కాంటా ముల్లు నిలవడ్డట్టు నిలవడ్డది" అన్నడు. గంత సంబురం ఆయిన మొకంల నేనెన్నడు చూడలే.

తెల్లారి ఇద్దరు డ్యూటీకి పోయిన్రు. పగటిపూట నేనొక్కన్నే షెడ్డుల ఇమానం మీద దుమ్ము తుడుస్తున్న. నా ఏలు దాన్ని కొట్టింది. నేను కొడ్దామని కొట్టలే. ముక్కు కాడ బాగనే ఉన్నది. నడుమ బాగనే ఉన్నది. తోక కాడ డొల్ల.

మల్ల కొట్టిన. డొల్లనే.

లోపట బోలు ఉంటదని నాకెర్కే, ఆ చట్రాలు కోసిందే నేను గదా. అయినా నిప్పు వొయ్యే గొట్టం గాన్నుంచే పోతది, పై రెక్క గాన్నే నిలవడ్తది. నా కండ్లల్ల ఎల్లేశం డబ్బ కనవడ్డది. బాయిలకెల్లి తెచ్చుకున్న బిగిచ్చే చెక్క ఒకటి నా పెట్టెల ఉండె, గట్టి కట్టె, ఇనుము లెక్క. తోక కింద నాలుగు స్క్రూలు ఇప్పి మూత తీసిన. చివరి రెండు చట్రాల నడుమ చెక్కను అడ్డం వెట్టిన. మిగిలిన రెజిన్ పోసి అతికిచ్చిన. ఎండినంక కొట్టి చూసిన. ఖంగుమన్నది. స్క్రూలు బిగిచ్చిన.

నా పానం నిమ్మలమైంది. చెప్తె ఇద్దరు నవ్వుతరని చెప్పలే. గంతకు మించి మనసుల ఏం లేదు.

ఆదివారం పొద్దుగాల బసంతనగర్ పాత రన్‌వే కాడికి పోయినం. ఇమానం లోపట ఇంజను పట్టుకున్నది, కిరసనాయిలు వాసన, చెవులు పోయే సప్పుడు. లింగమూర్తి, "ఒక్కసారి వేళ్ళ మీద లేపి చూద్దామా బావా?" అన్నడు. మీ నాయిన, "నిన్న మొన్ననే చూసినం గద. గాలి లేస్తది, జల్ది" అన్నడు. సరే అని లింగమూర్తి మంటలార్పే డబ్బ పట్టుకొని పక్కకు నిలవడ్డడు.

ఇమానం ఉరికింది. లేసింది. నేను చప్పట్లు గూడ కొట్టిన బిడ్డా. లేసింది లేసినట్టే ముక్కు పైకి పోతనే ఉన్నది. పడగెత్తిన పాము లెక్క తోక మీద నిలవడ్డది. "ముక్కు దిగుతలేదు, దిగుతలేదు!" అని మీ నాయిన ఒర్రుతున్నడు. గాలిల జెరసేపు ఆగి, ఒక రెక్క మీదికి ఒరిగి పడ్డది. ముందటి సగం భగ్గుమన్నది. తోక ఇరిగి ఇరవై అడుగుల అవతల పడ్డది.

ఇద్దరు మంట దిక్కు ఉరికిన్రు. నేను తోక దిక్కు పోయిన. మూత ఊడిపోయింది, చెక్క కనవడ్తున్నది. చూడంగనే సమజైంది. బాయిల బరువు నిలవెడ్తది. గాలిల బరువు గుంజుతది. చెక్కను పీకి దస్తిల సుట్టుకొని జేబుల పెట్టుకున్న.

మంట ఆరినంక మీ నాయిన లింగమూర్తి మీదికి మర్లిండు.

"తోక బరువయింది. బ్యాలెన్స్ ఏం చూసినవ్ నువ్వు?"

"నీ ముంగటనే చూసిన గద బావా."

"లెక్క తప్పు సదివినవ్. గుర్తు ఎనుకకు పెట్టినవ్."

"నాలుగుసార్ల కొలిచిన..."

"కాంటా మీద కూసొని జీతం తీస్కుంటవ్, తూకం రాదు నీకు!"

లింగమూర్తి నా దిక్కు చూసిండు. ముసలోడు పెద్ద మనిషి, ఒక మాట అంటడేమో అని చూసిండు. నా చెయ్యి జేబుల ఉన్నది, చెక్క మీద. నేను మంట దిక్కు చూసిన.

ఇంటికి పోయినంక చెప్త అనుకున్న. రేపు చెప్త అనుకున్న. మీ మామ బదిలీ పెట్టుకొని మమతను తీస్కొని శ్రీరాంపూర్ పోయిండు. రెండేండ్లు అయింది. మమత ఫోన్ చేసినప్పుడల్ల "మంచిగున్నవా బాపూ" అంటది, "మంచిగున్న" అంట.

మొన్న నెలల మీ నాయిన రెండో ఇమానం తయారు చేసిండు. ఒక్కడే. రాకుడు ఒక్కడే, రంగు ఒక్కడే. షెడ్డుల నవ్వు లేదు, రేడియో గూడ పెట్టలే. ఒకనాడు ముక్కుల సీసం పెడ్తున్నడు. ఇటిక లెక్క ముక్క.

"గంత సీసం ఎందుకురా?" అన్న.

"లింగమూర్తి గుర్తు తప్పు బాపూ. గందుకే ముక్కు లేసింది. ఈసారి గుర్తును రెండు వేళ్ళు ముందటికి జరిపిన."

నాకు ఇమానం లెక్కలు రావు. కానీ ఆ గుర్తు తప్పు కాదని ఎర్కున్నోన్ని నేనొక్కన్నే. నేను ఊకున్నందుకు ఇంకో ఇమానం ముక్కుల సీసం వచ్చి కూసున్నది. గీసారి ముక్కు లెవ్వక పడ్తది. లోపటికి పోయి, పెట్టె తెరిచి, చెక్క తెచ్చి బల్ల మీద పెట్టిన.

మీ నాయిన దాన్ని తిప్పి చూసిండు. దాని మీద రెజిన్ ఇంక అంటుకొనే ఉన్నది.

"గిదేంది?"

"తోకలది."

"ఏ తోక?" అన్నడు. గోరుతోని ఆ రెజిన్‌ను గీకిండు. "బ్యాలెన్స్ చూసినంకనా?"

"చూసినంకనే. డొల్ల సప్పుడు వచ్చింది."

లోపటికెల్లి తూకం మిషన్ తెచ్చి మీద పెట్టిండు. నాలుగు వందల పది గ్రాములు.

"బావను నేను కాంటా మాట అన్న గద. గప్పుడు ఇది నీ జేబుల ఉండెనా బాపూ?"

"ఉండె."

తిట్టలే. తిడితె మంచిగుండు. ముక్కులకెల్లి సీసం తీసి కింద పెట్టిండు. "బండెక్కు" అన్నడు.

శ్రీరాంపూర్ పోయినం. లింగమూర్తి డ్యూటీ దిగి అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నడు. నెత్తి సగం తెల్లవడ్డది, నేను ఎర్కవట్టనే లేదు. మమత, "అన్నా!" అని బైటికొచ్చి, మా మొకాలు చూసి ఆడనే ఆగింది. నేను చెక్క ఆయిన చేతుల పెట్టి చెప్పిన. ఇప్పుడు నీకు చెప్పినట్టే.

ఆయిన ముందుగల్ల కాయితం, పెన్ను అడిగిండు. "ఎంత బరువు? ఏ చట్రం కాడ?" రాసిండు, కొట్టేసిండు, మల్ల రాసిండు.

"రెండు వేళ్ళు ఎనుకకు జరుగుతది" అన్నడు మెల్లగ. "నా గుర్తు సరిగనే ఉండె."

"సరిగనే ఉండె బావా" అన్నడు మీ నాయిన.

లింగమూర్తి నా దిక్కు చూసి, "మామా, ఆ నాటి నుంచి నేను ఒక్కొక్క లారీని కాంటా మీద రెండుసార్ల ఎక్కిస్తున్న" అన్నడు. "మొదటి తూకం మీద నాకు నమ్మకం లేదు. డ్రైవర్లు తిడ్తరు. డబల్ కాంటా లింగన్న అని పేరు పెట్టిన్రు. నిజంగనే నాకు తూకం రాదేమో అనుకున్న. రాత్రిపూట లేసి గూడ అదే లెక్క చేసేటోన్ని. ఎన్నిసార్ల చేసినా సరిగనే వచ్చేది. అయినా పడ్డది గదా అనుకునేటోన్ని."

మమత లోపటికి పోయింది. పళ్ళెం సప్పుడు ఇనవడ్డది, కానీ అన్నం ఎవ్వరికి పెట్టలే.

మీ నాయిన, "ఆదివారం రా బావా. గుర్తు నువ్వే పెట్టు" అన్నడు.

"గుర్తు గీ కాయితం మీద ఉన్నది, పట్టుకపో. పాతదే. నేను రాను బావా. కోపం కాదు. నేను అటు పక్కన నిలవడితె మీకు ఫికర్ అయితది, నాకు అయితది." నేను చెక్క తీసుకోవోతె, "అది గీడ ఉండనియ్యి మామా" అన్నడు.

ఆదివారం ఇమానం ఎగిరింది. నువ్వు చూసినవ్. ఆ పాత గుర్తు మీదనే ఎగిరింది, ఎంత నిమ్మలంగ దిగింది! అందరు మొగులు దిక్కు చూస్తున్నరు, నేను రోడ్డు దిక్కు చూస్తున్న. శ్రీరాంపూర్ దిక్కెల్లి వచ్చే ప్రతి బండిని చూసిన.

ఇగ అయింది బిడ్డా. ఇది రెండుసార్ల రాయి. ఒకటి మనింట్ల ఉంటది. ఇంకోటి శ్రీరాంపూర్ కాంటా కాడికి పంపియ్యాలె, లారీ డ్రైవర్లు సదివేటట్టు. లింగమూర్తి మొదటి తూకమే సరైన తూకమని వాళ్ళకు తెల్వాలె.

ఏందే? మామ ఇప్పుడు లారీలను ఒక్కసారే ఎక్కిస్తడా అంటున్నవా?

ఏమో. మమతను అడిగిన. ఇంక రెండుసార్లే అన్నది.

సంతకం ఏడ పెట్టాల్నో చూపెట్టు.