బియ్యం డబ్బాలో ఉరుము

అక్క సంచి సర్దుతోంది. రెండు చీరలు మడిచి అడుగున పెట్టింది. వాటి మీద కళ్ళద్దాల పెట్టె, దాని మీద నేను కట్టిచ్చిన సకినాల పొట్లం, అన్నిటికంటే పైన ఆమె పిండి గిర్ని తాళంచెవి. ఆ వారమంతా ప్రతి ఉదయం ఆమె ఆ సంచి సర్దడం, ప్రతి సాయంత్రం నేను విప్పడం అలవాటైపోయింది. సర్దినప్పుడల్లా సకినాల పొట్లం మాత్రం చిన్నదవుతూ వచ్చింది.

"ఇయ్యాల ఎవరు ఆపినా ఆగ," అంది అక్క, సంచి మూతికి ముడి వేస్తూ. "షాద్‌నగర్ల సగం ఊరు జొన్నలు పట్టుకొని నా గిర్ని ముందట నిలబడ్డది. తాళంచెవి ఈడ, నేను ఈడ. వాళ్ళు రొట్టెలు ఎట్ల చేసుకోవాలె?"

"ఒక్కసారి చూడనియ్యి అక్కా," అంటూ నేను ముందు గదిలోకి వెళ్ళాను.

ముందు గదిలో కంప్యూటర్ ఉంది. మా ఆయనది. మా ఇళ్ళల్లో భర్త పేరు పలికే అలవాటు లేదు, అందుకని ఆయన అనే రాస్తాను. గుడి ఆఫీసులో పని విరమించినప్పుడు కొనుక్కున్నారు. తెర మీద కుడివైపు మూలన వాతావరణం ఎప్పటికప్పుడు కనబడేటట్టు పెట్టించారు. ఒక చిన్న బొమ్మ, పక్కన ఎండ ఎంతో చెప్పే అంకె, కింద ఒక వరుస మాటలు. నేను చదువుకోవాలని ఆ మాటలు తెలుగులో పెట్టించారు. బడికి పోని దాన్ని, పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. నాకు ఆ వరుసంటే పంచాంగమంత గౌరవం.

నల్లమబ్బు బొమ్మ. మబ్బు కింద మెరుపు. 'ఉరుములు, మెరుపులతో భారీ వర్షం. 23 డిగ్రీలు.'

"ఉరుములే అక్కా. రేపు పోదువు."

అక్క విసురుగా వచ్చి కిటికీ పరదా పక్కకు లాగింది. శాలిబండ వీధి పెనంలా మండుతోంది. నిలిపి ఉన్న ఆటో కింద ఒక కుక్క నాలుక బయటపెట్టి పడుకుంది.

"ఆ కుక్కను అడుగు, ఏడ ఉరుముతుందో చెప్తది!"

"కిటికీని నమ్మేది లేదు."

"మరి మేడ మీద వడియాలు ఎందుకు ఎండబెట్టినవే? వడియాలకు లేని వాన నాకెక్కడిది?"

"వడియాలు తిరిగి రాకపోతే నేను ఏడ్వ."

అక్క కిటికీ పరదా మళ్ళీ మూసింది. ఆమెకు తెలుసు. ఆయన బయటికి వెళ్ళిన ఆ అక్టోబరు రోజున పొద్దున్నుంచీ వానే. మధ్యాహ్నం దాటాక కాస్త తెరిపి ఇచ్చింది. తెర మూలన మాత్రం నల్లమబ్బు అట్లాగే ఉంది, భారీ వర్షమని రాసి ఉంది. నేను చదివి వినిపించాను. ఆయన కిటికీలోంచి చేయి బయటపెట్టి చూసుకున్నారు. అరచేయి తడవలేదు. గుడి దగ్గర నీళ్ళ మోటరు ఆపి వస్తాను, లేకపోతే ఎవరికైనా షాక్ కొడుతుంది అన్నారు. గొడుగు కొక్కేనికే వదిలేశారు. ఆ సాయంత్రం మళ్ళీ వాన, వీధుల నిండా వరద. అప్పటినుంచి ఈ ఇంట్లో కిటికీ మాట చెల్లదు. తెర చెప్పిందే చెల్లుతుంది.

అయినా వారం నుంచి తెర అదే మాట చెప్పడం నాకూ వింతగానే ఉంది. ఫలక్‌నుమాలో కంప్యూటర్లు బాగుచేసే ఇశ్రాయేలుకు ఫోను చేశాను.

"బంద్ చేసి చాలూ చేసిన్రా అమ్మా?"

"చేసిన బాబూ. చాలూ చేస్తే మళ్ళ ఉరుములే."

"నెట్ ఉన్నదా?"

"ఉన్నది. మంచిగ, భద్రంగ ఉన్నది."

"అయితే వైరస్ పట్టింది. ఫికర్ చెయ్యకుండ్రి, వస్తున్న."

ఇశ్రాయేలు స్కూటర్ దిగి లోపలికి వచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"ఏం బాబూ, వానల తడిసినవా?" అని అడిగింది అక్క, నన్ను చూస్తూ.

"వాన ఏడిది అమ్మా, చెమట."

"ఇన్నవా అలివేలూ?"

"ఏదైతేంది? తడిసిండు కదా," అన్నాను.

ఇశ్రాయేలు కూర్చుని మీటలు టకటకలాడించాడు. వాతావరణం బొమ్మ తీసేసి మళ్ళీ పెట్టాడు. నల్లమబ్బు. ఊరు మార్చి చూస్తానని బార్కస్ పెట్టాడు. ఉరుములు. లాడ్ బజార్ పెట్టాడు. ఉరుములు. అక్క బతిమాలితే షాద్‌నగర్ పెట్టాడు. అక్కడా ఉరుములు, అవే 23 డిగ్రీలు.

"చూసినవా? నీ గిర్ని మీదనే పిడుగులు పడుతున్నయి, నువ్వు జొన్నలంటవు," అన్నాను.

ఇశ్రాయేలుకు పంతం వచ్చి రాజస్థాన్ ఎడారి పెట్టాడు. ఉరుములు, మెరుపులతో భారీ వర్షం.

"పాపం, ఒంటెలు," అంది అక్క.

అతను జేబులోంచి తన ఫోను తీసి నా కళ్ళ ముందు పెట్టాడు. అందులో పచ్చటి సూర్యుడు. "ఇగో అమ్మా, ఇదీ అసలు సంగతి. ఎండ."

"నీ ఫోను ఫలక్‌నుమా నుంచి వచ్చింది బాబూ. ఆ ఎండ ఫలక్‌నుమాది."

ఇశ్రాయేలు ఫోను జేబులో పెట్టుకుని, గోడ వైపు తిరిగాడు. గోడకు ఒక ఖాళీ మేకు, దాని పక్కన వేలాడుతున్న ఒక తీగ.

"అమ్మా, ఈడ తెల్ల డబ్బా ఉండాలె కదా? నెట్ డబ్బా. నేనే బిగించిన."

"ఉన్నదని చెప్పిన కదా."

"ఏడున్నది?"

"బియ్యం డబ్బాల."

అతను కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "బియ్యం డబ్బాల ఎందుకమ్మా?"

"నువ్వే కదా చెప్పినవు! పోయిన ఏడు తీగల పిడుగొచ్చి పాత డబ్బా కాలిపోతే, కొత్తది బిగించుకుంట ఏమన్నవు? ఉరుములు మొదలైతే పీకి పక్కన పెట్టుండ్రి, ఉరుములు పోయినంక మళ్ళ తగిలియ్యుండ్రి అన్నవు. పోయిన వారం ఉరిమింది, పీకిన. పక్కన పెడితే పిడుగు చూస్తదని బియ్యంల దాచిన. తెర మీద ఉరుములు పోనే పోలేదు. ఎట్ల తగిలియ్యాలె?"

ఇశ్రాయేలు తెరను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ తెరను చూశాడు.

"అమ్మా, నెట్ లేకపోతే తెరకు కొత్త సంగతి అందదు. మీరు పీకిన రోజు ఉన్న ఉరుమునే పట్టుకొని కూసున్నది అది. డబ్బా తగిలిస్తేనే ఉరుము పోతది."

"ఉరుము పోతేనే డబ్బా తగిలిస్త."

"తగిలిస్తేనే పోతదమ్మా!"

"పోతేనే తగిలిస్త బాబూ!"

"ఏం లొల్లిరా ఇది," అంటూ అక్క వంటింట్లోకి నడిచింది. మోచేతి దాకా బియ్యంలో చేయి దించి డబ్బాను బయటికి లాగింది. దాని చిల్లుల్లోంచి గింజలు రాలుతుంటే ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తెచ్చింది. ఇశ్రాయేలు తీగ కలిపి ఇచ్చాడు. ప్లగ్గు పెట్టే వేళకు మాత్రం ఎందుకైనా మంచిదని గడప దాకా జరిగాడు.

"వద్దక్కా!"

"పడితే నా మీద పడనియ్యి. రైలెక్కే బాధ తప్పుతది."

నేను కళ్ళు మూసుకున్నాను. చిన్నప్పుడు ఉరిమినప్పుడల్లా మా అమ్మ అనిపించినట్టే అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ అనుకోవడం మొదలుపెట్టాను. ఒక కన్ను తెరిచి చూస్తే గడప దగ్గర ఇశ్రాయేలు పెదవులు కూడా కదులుతున్నాయి, తన ప్రభువు కోసం. అక్క ప్లగ్గు గుచ్చింది.

పిడుగు పడలేదు. డబ్బా మీద దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. కాసేపటికి తెర మూలన నల్లమబ్బు పోయి పచ్చటి సూర్యుడు వచ్చాడు. 39 డిగ్రీలు.

"అబ్బ! ఒంటెలు బతికినయి," అంటూ అక్క సంచి అందుకుంది.

నేను కింద వరుస కూడబలుక్కుని చదివాను. 'సాయంత్రం నాలుగు గంటల నుంచి ఉరుములతో వర్షం. అవకాశం నలభై శాతం.'

అక్క సంచి కింద పెట్టి, దాని మీదే కూలబడింది. "అయిపాయె. ఇగ దసరా ఈడనే. నలభై శాతమంటే తల తడిసి కాళ్ళు పొడిగ ఉంటయేమోనే, పోనియ్యరాదూ?"

నేను గోడ గడియారం చూశాను. ఒంటిగంట దాటింది. తెర చెప్పిందే చెల్లుతుంది. నాలుగింటికి వాన ఉందంటోంది. ఇప్పుడు లేదంటోంది. అంటే అక్కను పంపడానికి ఇప్పుడు తప్ప ఇంకో గడియ లేదు.

"లే అక్కా! లే, లే, పో!"

"ఏందే?"

"నాలుగు కాకముందే షాద్‌నగర్‌ల ఉండాలె. లే!"

"అన్నమన్న తిననియ్యవా? పొయ్యి మీద పప్పున్నది!"

"పప్పు నేను తింట. నువ్వు పో!"

రెండు చేతులా వీపు మీద పెట్టి నెట్టాను. అక్క ఒక కాలికే చెప్పుతో వాకిట్లో పడింది. "వారం సంది గడప దాటనియ్యనిది, ఇప్పుడు మెడపట్టి గెంటుతున్నది. చూస్తున్నవా బాబూ?"

"చూస్తున్న అమ్మా. ఎక్కుండ్రి, ఫలక్‌నుమా స్టేషన్ల దింపుత. నాకు కూడ ఈడికెళ్ళి పోవాలనే ఉన్నది."

రెండో చెప్పు విసిరాను. అప్పుడు కొక్కేనికి ఉన్న గొడుగు కనబడింది. ఆ అక్టోబరు నుంచి దాన్ని ఎవరూ తీయలేదు. తీసి, దుమ్ము కొంగుతో తుడిచి, సంచిలో గుచ్చాను. అక్క పిడి చూసి, సంచిని ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

స్కూటర్ కదిలింది. "పోతున్ననే!" అని అరిచింది.

"ఆపు బాబూ, ఆపు!" అని నేను వీధిలోకి పరుగెత్తాను. "పోతున్న అనొద్దు! పోయొస్త అను!"

"పోయొస్త, తల్లీ, పోయొస్త!"

ఆటో కింది కుక్క కూడా లేచి చూసింది.

తర్వాత తెర ముందు కూర్చున్నాను. నాలుగు అయింది, ఏమీ లేదు. పచ్చటి సూర్యుడి మీదికి మెల్లగా మబ్బు వచ్చింది. అయిదింటికి నిజంగానే ఉరిమింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. లేచి ప్లగ్గు మీద చేయి వేశాను. ఇశ్రాయేలు చెప్పిన మాట గుర్తుంది. కానీ ఇప్పుడు పీకితే తెర ఈ ఉరుమునే పట్టుకుని కూర్చుంటుంది. ఇది ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. అక్క ఇంకా ఫోను చేయలేదు.

చేయి తీసేశాను. అర్జునా, ఫల్గుణా అని మొదటినుంచి అనుకున్నాను. ఇంకో ఉరుము. ప్లగ్గు ఉన్నచోటే ఉంది. నేను కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని, తెరను చూస్తూ, పేర్లు తిప్పి తిప్పి చెప్పాను.

ఫోను మోగింది. అవతల గిర్ని రొద.

"చేరిన! ఈడ చుక్క వాన లేదు. ఎండల గొడుగు మోసుకొస్తుంటే రైలంత నవ్విన్రు!"

"నవ్వనియ్యి. సకినాలు తిన్నవా?"

"ఏడియే సకినాలు? రోజు సంచి విప్పి నువ్వే తింటివి గద!"

ఉరుములు చాలాసేపు ఉన్నాయి. తర్వాత తెర మూలన మబ్బు తొలగి చందమామ వచ్చింది. కిటికీలోంచి చూస్తే అక్కడా ఉంది.

అక్క ఆషాఢంలో బోనాలకు వచ్చింది. గొడుగు తెచ్చి కొక్కేనికి తగిలించింది. ఆ తర్వాత కూడా వస్తూ పోతూనే ఉంది. ఇశ్రాయేలు, ఉరిమినప్పుడల్లా తనే ఫోను చేసి, డబ్బా బియ్యంల పెట్టకుండ్రి అమ్మా అంటాడు.

మోటరు ఆపి వస్తానన్న శ్రీపాద రాలేదు. 2020 అక్టోబరు 13, మంగళవారం.